తలలో పైపు ఎన్నేళ్లు వస్తుందన్నా?



ఈ పేజీలో నేను రాసేదంతా చీనీ తోట, వేరుశనగ, బోరు, డ్రిప్పు గురించే. ఈరోజు రాసేది కూడా ఒక పైపు గురించే. కాకపోతే అది చేలో పైపు కాదు, మా చిన్నోడి తలలో ఉండే పైపు. కొంచెం పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి. మీ ఇంట్లో అవసరం లేకపోవచ్చు, మీ ఊర్లో ఎవరికో ఒకరికి అవసరం పడుతుంది.

పోయిన వారం రాత్రి పదకొండు గంటలప్పుడు ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. టమోటా రైతు. ఈ పేజీ చూసే పరిచయం. వాళ్ల పాపకు ఐదు నెలలంట. తల రోజురోజుకీ పెరుగుతా ఉందని పెద్దాసుపత్రికి తీసుకుపోతే, తలలో నీరు చేరింది, షంట్ వేయాల అన్నారంట. అంతా చెప్పి చివర్లో ఒక్కటే అడిగినాడు. "అన్నా, ఆ పైపు ఎన్నేళ్లు వస్తుంది?"

నాకు వెంటనే నోట మాట రాలేదు. ఎందుకంటే 2009లో నేనూ ఇదే మాట అడిగినా. ఆ రోజు నాకు వచ్చిన జవాబు "లైఫ్‌లాంగ్". ఆ మాట నమ్ముకునే పదేళ్ల తర్వాత కన్నకొడుకును చేతులారా పోగొట్టుకునేంత పని చేసినా. ఆ తమ్ముడికి ఫోన్లో సగమే చెప్పినా. మిగతాది ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టరును కాదు. పదహారేళ్లుగా ఆసుపత్రుల చుట్టూ తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నదే ఇది.

ముందు ఆ నీళ్ల సంగతి. మనందరి మెదడు లోపల చిన్న చిన్న గదులు ఉంటాయి. ఆ గదుల్లో తేటగా ఒక నీరు ఊరుతా ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు సుమారు అర లీటరు ఊరుతుంది. కానీ ఏ సమయంలో చూసినా లోపల నిలవ ఉండేది 150 మిల్లీలీటర్లే, అంటే ఒక టీ గ్లాసుడు. ఊరింది ఊరినట్టు పారి, మెదడు చుట్టూ తిరిగి, రక్తంలో కలిసిపోతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు కొత్త నీరు మారుతుందన్నమాట. ఈ పారకం ఎక్కడన్నా అడ్డుపడినా, రక్తంలో ఇంకడం తగ్గినా, ఊరే నీరు మాత్రం ఆగదు. కాలువ మూసుకుపోయి చెరువులోకి వాగు వస్తానే ఉంటే ఏమవుతుందో అదే అవుతుంది. పసిపిల్లలకు పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి తల పెరుగుతుంది. పెద్దపిల్లలకు తల పెరగదు, ఒత్తిడి అంతా మెదడు మీదే పడుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ సందు ఇరుకుగా ఉంటుంది, కొందరికి మెదడువాపు, మెదడుకు టీబీ, రక్తస్రావం తర్వాత వస్తుంది. మావాడిది పుట్టుకతో వచ్చిందే.

షంట్ అంటే ఆ నీటికి మనం వేసే పక్క కాలువ. మెదడు గదిలో ఒక సన్న గొట్టం పెడతారు. చెవి వెనక చర్మం కింద ఒక వాల్వు ఉంటుంది. అక్కడి నుంచి మెడ, రొమ్ము మీదుగా చర్మం కిందే ఇంకో పొడుగు గొట్టం కడుపులోకి దించుతారు. తలలో ఎక్కువైన నీరు కడుపులోకి పోయి అక్కడ ఇంకిపోతుంది. ఆ వాల్వు మన ఫుట్‌వాల్వు లాంటిదే. ఒకవైపే వదులుతుంది, అదీ ఒత్తిడి ఇంత దాటితేనే.

మావాడికి నాలుగో నెలలో, 2009 అక్టోబరులో మొదటి షంట్ వేసినారు. ఆరోగ్యశ్రీలోనే అయింది. సంతకం పెట్టేటప్పుడు అక్కడ ఒకాయనను అడిగితే "లైఫ్‌లాంగ్ ఉంటుంది, భయపడొద్దు" అన్నాడు. మా యమ్మ కొబ్బరికాయ కొట్టింది.

పది నెలలకే అది ఆగిపోయింది. 2010 ఆగస్టు. పిల్లోడు పాలు తాగకుండా కక్కుతా ఉన్నాడు. మాడు ఉబ్బి గట్టిపడింది. కళ్లు కిందికి వాలిపోయి, పైన తెల్లగుడ్డు కనబడతా ఉంది. మా అదృష్టం, అప్పటికి మాడు పూడలేదు కాబట్టి చూస్తానే తెలిసిపోయింది. వెంటనే తీసుకుపోయినాము. పై గొట్టం మూసుకుపోయిందని చెప్పి మార్చినారు.

అప్పుడు నేను అనుకున్నది ఏమిటో తెలుసా? మొదటిసారి వేసిన పీసు బాగాలేదు, ఇది మంచి పీసు అని. మోటారు కొన్నట్టే లెక్కేసినా. ఒక మోటారు ఏడాదికే కాలిపోతుంది, ఇంకోటి పదేళ్లు పోస్తుంది, మన టైము అనుకుంటాం కదా. ఆ రెండోది ఎనిమిదేళ్ల తొమ్మిది నెలలు పనిచేసింది. పిల్లోడు నడిచినాడు, బడికి పోయినాడు, ఎడ్లబండి మీద ఎగిరినాడు. తలలో పైపు ఉన్న సంగతే మర్చిపోయినాము. ఫైలు అటక మీద పెట్టేసినా. చెకప్‌కు పోవడం మానేసినా.

2019 మార్చిలో బడిలో టీచరమ్మ చెప్పింది, "పిల్లోడు బోర్డు మీదది ఎక్కించుకోవడంలో వెనకబడతా ఉన్నాడు" అని. పరీక్షల భయం అనుకున్నా. ఏప్రిల్ ఆఖరులో పొద్దున్నే తలనొప్పి అనడం మొదలుపెట్టినాడు. ఒక వాంతి చేసుకుంటే తేరుకునేవాడు. మా ఇంటామె అప్పుడే అనింది, "వాడు తేడాగా ఉన్నాడయ్యా, పెద్ద డాక్టరు కాడికి పోదాం" అని. నేను వినలేదు. మే నెల ఎండలు మీకు తెలుసు. ఎండదెబ్బ అన్నా. ఊర్లో డాక్టరు కూడా గ్యాస్ అన్నాడు, ఒక ఇంజెక్షన్ వేసినాడు. తగ్గినట్టే తగ్గింది. అప్పుడు తోటలో కోత జరుగుతా ఉంది. లారీ వస్తుంది, కూలోళ్లు దొరకరు, రేటు బాగుంది. మూడు రోజుల్లో లోడు పంపించి పోదాంలే అన్నా.

మూడో రోజు రాత్రి పిల్లోడు లేపితే లేవలేదు. కళ్లు తెరిపిస్తే ఎడమ కన్ను ముక్కు వైపు తిరిగి ఉంది. 108లో టౌనుకు, అక్కడ సీటీ తీసి ఇక్కడ కాదని బెంగళూరుకు పంపినారు. ఆ నాలుగు గంటల దారిలో మా ఇంటామె నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అక్కడ మెడ దగ్గర ఎక్స్‌రే తీస్తే గొట్టం తెగి ఉంది. రెండు ముక్కలకు నడుమ రెండు వేళ్ల సందు. పిల్లోడు పెరిగినాడు, గొట్టం పెరగదు కదా. వేసేటప్పుడు కడుపులో కొంత పొడుగు చుట్టి వదులుతారు, పిల్లోడు పెరిగే కొద్దీ అది పైకి లాగుకుంటుంది. కానీ ఏళ్లు గడిచే కొద్దీ గొట్టం మీద సున్నం లాగా పేరుకుని గట్టిపడుతుంది, చర్మానికి అతుక్కుపోతుంది. మెడ తిప్పినప్పుడల్లా అక్కడే లాగుడు. ఒకరోజు తెగుతుంది.

మరి తెగినాక ఇన్ని వారాలు ఎట్లా తిరిగినాడు అని అడిగినా. డాక్టరమ్మ చెప్పింది నాకు బాగా అర్థమయింది. గొట్టం చుట్టూ శరీరం ఒక తొడుగు లాగా కట్టుకుంటుందంట. గొట్టం తెగినా ఆ తొడుగు వెంబడి నీరు కొంతకాలం పారుతుంది. మన భూమిలో వేసిన పైపు పగిలినా, ఆ గాడి వెంబడే తేమ పోయి అవతలి చెట్లు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి చూడండి, అట్లా. అందుకే మెల్లమెల్లగా ముంచుకొస్తుంది.

తెల్లవారుజామున ఆపరేషన్ చేసి మూడో షంట్ వేసినారు. పిల్లోడు బతికినాడు. కానీ వారాల తరబడి ఒత్తిడి పడి కంటి నరం దెబ్బతినింది. ఎడమ కంటి చూపు సగం పోయింది, అది తిరిగి రాలేదు. ఖర్చుకు చెట్ల మీద ఉన్న మిగతా కాయంతా వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చేసినా. ఏ రేటు కోసం మూడు రోజులు ఆగినానో, ఆ రేటులో సగం కూడా రాలేదు.

డిశ్చార్జి రోజు నేను మళ్లీ అదే అడిగినా, ఇది ఎన్నేళ్లు వస్తుంది మేడమ్ అని. ఆమె కూర్చోబెట్టి చెప్పింది. "లైఫ్‌లాంగ్ అన్నది మీవాడికి షంట్ అవసరం గురించి. గొట్టం గురించి కాదు. ఇది రేపు ఆగచ్చు, ఇరవై ఏళ్లు పనిచేయచ్చు. ఎన్నేళ్లు అని లెక్కపెట్టొద్దు. ఆగితే ఎన్ని గంటల్లో నా దగ్గరికి వస్తారు, అది లెక్కపెట్టుకోండి."

ఇక లెక్కల సంగతి. పిల్లలకు కొత్తగా వేసిన షంట్లలో నూటికి 30 నుంచి 40 మొదటి ఏడాదిలోనే ఆగిపోతాయి. రెండేళ్లు తిరిగేసరికి సుమారు సగం. అది దాటినాక ఏటా నూటికి నాలుగైదు చొప్పున ఆగుతా పోతాయి. అంటే మొదటి ఏడాది గండం పెద్దది, ఆ తర్వాత చిన్నదవుతుంది, కానీ సున్నా కాదు. పెద్దవాళ్లలో పిల్లల కంటే తక్కువగా చెడతాయి. ఒక్కటే షంట్‌తో ఇరవై ముప్పై ఏళ్లు నడిచినవాళ్లు ఉన్నారు. పదేళ్ల లోపలే నాలుగైదు ఆపరేషన్లు అయిన పిల్లలూ ఉన్నారు. మనవాడు ఏ వరసలో పడతాడో ముందుగా ఎవ్వరూ చెప్పలేరు.

ఎందుకు ఆగుతాయంటే, డ్రిప్పు వేసుకున్న మనకు ఇది చెప్పాల్సిన పని లేదు. లేటరల్ రంధ్రాల్లోకి వేర్లు దూరినట్టు, మెదడు గదిలో ఉండే గొట్టం రంధ్రాల్లోకి లోపలి కండ దూరి మూసేస్తుంది. ఎక్కువగా జరిగేది ఇదే. లేదంటే వాల్వు పట్టేస్తుంది, గొట్టం తెగుతుంది, జాయింటు ఊడుతుంది, కడుపులో కొస చుట్టూ నీటి సంచి కట్టుకుంటుంది. తేడా ఒక్కటే. డ్రిప్పు మూసుకుంటే ఎండ్ క్యాప్ తీసి ఫ్లష్ చేస్తాం, యాసిడ్ పట్టిస్తాం. ఇక్కడ మళ్లీ కోసి మార్చడమే దారి.

ఇంకోటి ఇన్‌ఫెక్షన్. ఇది ఎక్కువగా ఆపరేషన్ అయిన మొదటి కొన్ని నెలల్లోనే వస్తుంది. దీనికి యాంటీబయాటిక్ పట్టించిన గొట్టాలు వచ్చినాయి. బ్రిటన్, ఐర్లండ్ ఆసుపత్రుల్లో 1,605 మంది మీద చూసి 2019లో ఫలితం చెప్పినారు. మామూలు గొట్టాలకు నూటికి 6 మందికి ఇన్‌ఫెక్షన్ వస్తే, వీటికి 2 మందికే వచ్చింది. మీ డాక్టరును ఆ రకం దొరుకుతుందా అని ఒక మాట అడగండి.

ఇక ఖరీదైన వాల్వు వేస్తే ఎక్కువ ఏళ్లు వస్తుందా? అప్పు తెచ్చి ఫారిన్ పీసు వేయించాలా అని ఆ తమ్ముడు కూడా అడిగినాడు. 1998లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో ఉత్తర అమెరికా, యూరప్ ఆసుపత్రుల్లో 344 మంది పిల్లలకు మూడు రకాల వాల్వులు వేసి చూసినారు. ఏ రకమైనా ఏడాదిలో నూటికి 40 దాకా ఆగినాయి. మన దేశంలోనే ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్‌ను, దానికి పదిహేను రెట్ల పైన ధర ఉండే విదేశీ షంట్‌ను ఉగాండాలో 195 మంది పిల్లల్లో పోల్చినారు. 2005లో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత రెండూ ఒకటే. కొందరికి ప్రత్యేక వాల్వు అవసరం పడచ్చు, అది డాక్టరు చెప్పాల. ఊరికే గౌరవానికి పొలం తాకట్టు పెట్టొద్దు. ఆ డబ్బు చేతిలో ఉంచుకుంటే, అర్ధరాత్రి అవసరం పడినప్పుడు పనికొస్తుంది.

ఇంకో విషయం కూడా అడగండి. కొందరికి గొట్టమే లేకుండా, దుర్భిణి గొట్టంతో మెదడు గది అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి దారి ఇస్తారు. దాన్ని ఈటీవీ అంటారు. టీవీ ఛానెల్ కాదు, ఆపరేషన్ పేరే అది. నడుమ సందు మూసుకుపోయిన వాళ్లకు, ఏడాది దాటిన పిల్లలకు బాగా పనిచేస్తుంది. మరీ పసిపిల్లలకు అంత బాగా కుదరదు. ఆ రంధ్రం కూడా ఎప్పుడన్నా పూడచ్చు, కాబట్టి అది చేయించుకున్నా కనిపెట్టుకునే ఉండాల.

ఈ వాల్వు పుట్టుక గురించి చదివినప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అమెరికాలో జాన్ హోల్టర్ అని ఒకాయన. డాక్టరు కాదు, ఫ్యాక్టరీలో పనిచేసే మెకానిక్కు. 1955లో ఆయన కొడుకు ఈ జబ్బుతో పుట్టినాడు. అప్పటి గొట్టాలు ఊరికే మూసుకుపోతా ఉంటే, కొన్ని వారాల్లోనే ఒక వాల్వు తయారుచేసినాడు. 1956 నుంచి దాన్ని పిల్లలకు వేయడం మొదలయింది. ఆయన కొడుకు చిన్నతనంలోనే పోయినాడు, వాల్వు మాత్రం ఎందరో పిల్లలను బతికించింది. ఇంగ్లీషులో పిల్లల కథలు రాసిన రోల్డ్ డాల్ కూడా అంతే. 1960లో న్యూయార్కులో టాక్సీ గుద్ది పసికొడుకు తలలో నీరు చేరితే, ఒక ఇంజినీరును, ఒక డాక్టరును కూడగట్టి 1962 నాటికి కొత్త వాల్వు చేయించినాడు. వాళ్లు మనలాంటి తండ్రులే. పరికరం కనిపెట్టేంత చదువు నాకు లేదు. కానీ కనిపెట్టుకుని ఉండటం నా చేతిలో పనే. అది కూడా నేను చేయలేదు, అదే నా బాధ.

షంట్ ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే ఇవి గోడ మీద రాసి పెట్టుకోండి.

1. పసిపిల్లల్లో మాడు ఉబ్బడం, తల త్వరగా పెరగడం, పాలు తాగకపోవడం, ఆపకుండా ఏడుపు, కళ్లు కిందికి వాలడం.

2. పెద్దపిల్లల్లో తలనొప్పి, ముఖ్యంగా పొద్దున్నే. వాంతులు, మత్తుగా పడుకోవడం, మెల్లకన్ను పడటం, నడకలో తూలడం, చదువులో ఉన్నట్టుండి వెనకబడటం.

3. జ్వరం, గొట్టం పోయే దారిలో ఎరుపు, వాపు, కడుపునొప్పి, కడుపు ఉబ్బరం.

4. వీటిలో ఏది కనబడినా ముందు షంట్ అనే అనుమానించాల. ఎండదెబ్బ, గ్యాస్, దిష్టి ఆ తర్వాత. షంట్ బాగుందని తేలితే సంతోషంగా ఇంటికి రండి, పోయేది ఒకరోజు కూలే.

5. మత్తుగా ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. వాల్వు మీద మీరే నొక్కి చూడొద్దు.

6. బాగున్నప్పుడు తీసిన సీటీ ఫోటో ఫోన్లో పెట్టుకోండి. కొత్త స్కాన్‌ను పాతదానితో పోల్చితేనే డాక్టరుకు తేడా తెలుస్తుంది. ఏ రకం షంట్, ఏ తేదీన వేసినారు అన్నది ఒక కార్డు మీద రాసి లామినేషన్ చేయించండి. కొన్ని వాల్వులను అయస్కాంతంతో సరిచేస్తారు, అవి ఎమ్మారై తీస్తే మారిపోవచ్చు. ఎమ్మారై ముందు ఆ కార్డు చూపించాల.

7. రాత్రిపూట కూడా మెదడు ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఏది, ఎంత దూరం, కార్డు చెల్లుతుందా అన్నది ఆరోగ్యమిత్రను ముందే అడిగి పెట్టుకోండి.

8. బాగున్నా సరే, డాక్టరు చెప్పిన తేదీకి చెకప్‌కు పోండి. బడిలో టీచరుకు చెప్పండి. మాకు అందరికంటే ముందు కనిపెట్టింది టీచరమ్మే.

9. ఇంట్లో ఆడమనిషి "పిల్లోడు తేడాగా ఉన్నాడు" అంటే వాదించొద్దు. బండి తీయండి.

కొత్తగా పెళ్లయిన పిల్లలున్న ఇండ్లకు ఒక మాట. వెన్నుపూస సరిగ్గా మూసుకోక పుట్టే బిడ్డల్లో చాలామందికి ఈ నీటి జబ్బు కూడా వస్తుంది. గర్భం రాకముందు నుంచే ఆడపిల్ల రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటే ఆ లోపం చాలావరకు తప్పుతుంది. నెల తప్పినాక మొదలుపెడితే ఆలస్యమే, ఎందుకంటే వెన్ను మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. ఖరీదు లేని మాత్ర. విత్తనశుద్ధి చేయకుండా విత్తనం వేయము కదా మనం.

మావాడికి ఇప్పుడు పదహారు నిండినాయి. ఇంటర్‌లో చేరినాడు. మూడో షంట్ ఈరోజు దాకా పనిచేస్తానే ఉంది. వాడి కార్డు వాడే జేబులో పెట్టుకుంటాడు. మొన్న తోటలో డ్రిప్పు ఫిల్టర్ కడుగుతా అడిగినాడు, "నాయనా, నాది ఎప్పుడు ఆగుతుంది?" అని. తెలీదు నాయనా అన్నా. "సరేలే, ఆగితే చెప్తా" అన్నాడు నవ్వుతా. వాడు చెప్పగలిగే వయసుకు వచ్చినాడు, నాకు అదే ధైర్యం.

ఆ టమోటా తమ్ముడి పాపకు మొన్న శుక్రవారం ఆపరేషన్ అయింది. పాలు తాగతా ఉందని మెసేజ్ పెట్టినాడు. చెకప్ తేదీ కూడా దానికిందే రాసినాడు. అది చూసి ఆ రాత్రి బాగా నిద్రపట్టింది నాకు.

మీ ఊర్లో తల పెరుగుతా ఉండే పసిబిడ్డ ఉంటే దాచిపెట్టనివ్వొద్దు, ఆసుపత్రికి పంపండి. ఇప్పటికే షంట్ ఉన్న బిడ్డ ఉంటే ఈ పోస్టు వాళ్లకు చదివి వినిపించండి. రేపు మళ్లీ తోట సంగతులు రాస్తా. ఉంటాను.